మూడో పేజీలో మోమోలు

తమ్మీ,

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. మహబూబ్‌నగర్ స్టేషన్ బయట ముగ్గురు దోస్తులు అనుకోకుండా మోమోలు తిని కాచిగూడ బండి అందుకుంటారు. ఇంతే కదా! ఇంత చిన్న సంగతి ఎంచుకున్నందుకే ముందు సంతోషం. మన పాలమూరు పిల్లలు కలం పట్టగానే పిల్లలమర్రితో మొదలుపెట్టి ముంబై వలసలతో ముగిస్తారు. నేనూ అట్లనే మొదలయ్యాను లే.

కానీ మూడో పేజీలో "వేడివేడి రుచికరమైన మోమోలు తిని హడావిడిగా రైలెక్కారు" అన్నావు. రెండు పేజీలు ఊరించి, తీరా ప్లేటు వచ్చేసరికి ఒక్క ముక్కలో లాగేసుకున్నావు. తిన్నది వాళ్లే, నాకేం దక్కలేదు.

పోయిన నెల నేనూ అక్కడే తిన్నాను. ఏదో సభకు పిలిచి శాలువాలు కప్పారు గానీ అన్నం సంగతి మరిచారు. ఇద్దరు స్నేహితురాళ్లతో స్టేషన్‌కు చేరేసరికి బండికి ఇరవై నిమిషాలుంది. తోపుడు బండి మీద అల్యూమినియం గిన్నెలు ఒకదానిపై ఒకటి. "ఐదు నిమిషాలమ్మా" అన్నాడు పిల్లవాడు. ఆ ఐదు నిమిషాలెంతో నీకు తెలుసు. మూత తీయగానే ఆవిరి నా కళ్లద్దాలను కమ్మేసింది, చేతి గడియారం కూడా కనబడలేదు. ఒక మోమో అడుగున అతుక్కుని, తీస్తుంటే పొర చిరిగి క్యాబేజీ తురుము బయటపడింది. దాన్ని పక్కన పడేసి ఇంకోటి వేశాడు. ప్లేటుకు ఆరు, మనిషికి రెండు. మొదటిది ఊదకుండానే కొరికాను. లోపలి వేడి నీళ్లు, పైన ఎండుమిర్చి వెల్లుల్లి చట్నీ. జడ్చర్ల దాటేదాకా నాలుక మొద్దుబారే ఉంది. రెండోదాన్ని కాగితంలో చుట్టుకుని ప్లాట్‌ఫాం మీద ఉరికాను.

చల్లారితే గానీ తినలేం, చల్లారేదాకా ఆగితే బండి పోతుంది. నీ కథంతా ఈ ఇరుకులోనే ఉంది. దాన్ని వదిలేసి ప్రతి పేరాలో టైం ఎంతయిందో చెప్తూ పోయావు.

ఇంకోటి. మోమో అంచుల్ని "మడతలు" అని రాశావు. చీరకట్టు చూస్తూ పెరిగిన నీ కథలోని పిల్ల వాటిని కుచ్చిళ్లు అనదా? మా అమ్మ కుండలో నీళ్లు పోసి, పైన గడ్డి పరిచి కుడుములు ఉడికించేది. మోమోల గిన్నె మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ కుండే గుర్తొచ్చింది. నీకేం గుర్తొచ్చిందో రాయి, నా కుండ ఎత్తుకుపోకు.

నాలుగో పేజీలో "వలసపోయే ఊరికి వలసవచ్చినవాడు" అని మోమోల పిల్లవాడి గురించి ఒక వాక్యం ఉంది. అతనిది డార్జిలింగ్ వైపని తెలిశాక నేనూ డైరీలో అదే రాసుకున్నాను, తెల్లారి కొట్టేశాను. ఆ సాయంత్రం అతను నాతో మాట్లాడింది చిల్లర గురించే. నా దగ్గర ఐదొందల నోటుంది, అతని దగ్గర చిల్లర లేదు, ఫోన్‌లో కొడదామంటే నెట్ రాదు, అవతల బండి కూత. నీ కథలోకి అతన్ని అట్లా రానివ్వు.

వచ్చే బుధవారం మళ్లీ అదే బండికి పోతున్నాను. తిరగరాసింది పట్టుకుని అరగంట ముందే స్టేషన్‌కు రా. చిల్లర తెచ్చుకో.

అక్క