నాయకుడి నడత, దేశం పరపతి

(నాయకుల వ్యక్తిత్వం దేశ ప్రతిష్ఠను ఎలా మలుస్తుందనే విషయం మీద ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇవీ జవాబులు.)

ప్రశ్న: నాయకుడు మంచివాడైతే దేశానికి మంచి పేరు వస్తుందని అందరూ అంటారు. దీన్ని తూచే తక్కెడ ఏదైనా ఉందా, అంతా ఎవరి అభిప్రాయం వాళ్లదేనా?
– డిగ్రీ లెక్చరర్, నల్గొండ

జవాబు: తక్కెడ ఉంది. అమెరికాలోని ప్యూ రిసెర్చ్ సెంటర్ ఇతర దేశాల ప్రజలను రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతుంది. అమెరికా అధ్యక్షుడు ప్రపంచ వ్యవహారాల్లో సరైన పని చేస్తాడని నమ్ముతారా? అమెరికా అంటే మీకు మంచి అభిప్రాయం ఉందా? 2017లో 37 దేశాల్లో అడిగారు. ఒబామా పాలన చివర్లో 64 శాతంగా ఉన్న నమ్మకం ట్రంప్ వచ్చిన కొద్ది నెలలకే 22కి పడింది. దేశం మీద మంచి అభిప్రాయం 64 నుంచి 49కి మాత్రమే తగ్గింది. అమెరికన్లు మంచివాళ్లేనా అంటే 58 శాతం మంది అవుననే అన్నారు. అంటే నాయకుడి పేరు 42 పాయింట్లు పడితే దేశం పేరు 15 పడింది.

ట్రంప్ దిగిపోయి బైడెన్ వచ్చాక తిరిగి లేవడమూ అలాగే. 2020లోనూ 2021లోనూ అడిగిన 12 దేశాల్లో అధ్యక్షుడి మీద నమ్మకం 17 నుంచి 75కి ఎగబాకితే, దేశం మీద అభిప్రాయం 34 నుంచి 62కి చేరింది. నాయకుడు ఎంత కదిలితే దేశం అందులో మూడో వంతు నుంచి సగం దాకా కదిలిందని ఈ రెండు సందర్భాల లెక్క. దీన్నే సూత్రం చేసి విద్యార్థులకు చెప్పకండి. ఇందులో నడత వాటా ఎంత, విధానాల వాటా ఎంత అనేది విడదీయడం కష్టం. 2017 సర్వేలోనే ట్రంప్‌ది అహంకారమన్నవాళ్లు 75 శాతం, మెక్సికో సరిహద్దు గోడ వద్దన్నవాళ్లు 76 శాతం. కోపం మనిషి మీదా, గోడ మీదా?

ప్రశ్న: ఒక్క చేష్టతో దేశం పేరు మారిపోయిన సందర్భం ఉందా? ఫొటోల కోసం చేసేదానికీ, నిజంగా చేసేదానికీ తేడా ఎలా పట్టుకోవాలి?
– పాఠకురాలు, విజయనగరం

జవాబు: 1970 డిసెంబరు 7. పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ వార్సాలో, నాజీల మీద తిరగబడి చనిపోయిన యూదుల స్మారకం దగ్గర పూలదండ ఉంచి, రిబ్బన్లు సర్ది, ఉన్నట్టుండి తడి నేల మీద మోకాళ్లూనాడు. ఆయన నాజీ కాదు. హిట్లర్ కాలంలో నార్వేకు పారిపోయి వాళ్లకు వ్యతిరేకంగా పనిచేసినవాడు. తాను చేయని తప్పుకు మోకరిల్లాడు కనకనే అది మనిషి క్షమాపణగా కాక దేశం క్షమాపణగా కనిపించింది.

మీరడిగిన తేడా పట్టుకోవాలంటే మూడు చూడండి. మొదటిది, అదే రోజు ఇంకేం జరిగింది? బ్రాంట్ ఆ రోజే పోలండ్‌తో ఒప్పందం మీద సంతకం చేసి, ఓడర్–నైసె నదుల వెంబడి సరిహద్దును ఒప్పుకున్నాడు. ఆ గీతకు అవతల సొంత ఊళ్లు పోగొట్టుకున్న జర్మన్లు లక్షల్లో ఉన్నారు, వాళ్లకు ఓట్లూ ఉన్నాయి. రెండోది, ఆయనకు ఎంత ఖర్చయింది? అప్పటి జర్మన్ పత్రిక డెర్ ష్పీగెల్ సర్వేలో మోకరిల్లడం అతి అన్నవాళ్లు 48 శాతం, సబబే అన్నవాళ్లు 41 శాతం. 1972 ఏప్రిల్‌లో అవిశ్వాసం పెట్టారు. దించడానికి 249 ఓట్లు కావాలి, 247 వచ్చాయి. రెండు ఓట్లతో బతికాడు. మూడోది, ఆ పని చట్టమైందా? మే నెలలో పార్లమెంటు ఒప్పందాన్ని ఆమోదించింది. ఈ మూడూ లేకపోతే మిగిలేది ఫొటోనే. పోలండ్‌లోని కమ్యూనిస్టు పత్రికలు ఆ ఫొటోను చాలావరకు తొక్కిపెట్టాయి కూడా! అయినా 2000లో వార్సాలో ఒక కూడలికి ఆయన పేరు పెట్టారు.

ఈ కాలపు ఉదాహరణ కావాలంటే న్యూజిలాండ్. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో కాల్పులకు 51 మంది చనిపోయారు. తలకు వస్త్రం కప్పుకుని బాధితులను కావలించుకున్న ప్రధాని జసిండా ఆర్డర్న్ ఫొటో లోకమంతా చూసింది. లోకం అంతగా చూడనిది ఏప్రిల్ 10 నాటి ఓటింగు. సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకుల నిషేధం 119–1తో నెగ్గింది. దుర్ఘటనకూ చట్టానికీ మధ్య గడిచింది నాలుగు వారాల లోపే.

ప్రశ్న: మా పి.వి. గారిని మౌనముని అని వెక్కిరించారు. మాట్లాడని నాయకుడి వల్ల దేశానికి ఏం పేరొస్తుంది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: పరపతి అనే మాటకు మనకు రెండర్థాలున్నాయి. పలుకుబడి ఒకటి, అప్పు పుట్టే శక్తి ఇంకొకటి. 1991 జూన్‌లో ఆయన ప్రధాని అయ్యేసరికి దేశానికి రెండూ అడుగంటాయి. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేంతే ఉంది. జూలైలో రూపాయి విలువను 1న, 3న రెండు విడతలుగా తగ్గించారు. దాదాపు 47 టన్నుల బంగారాన్ని తాకట్టు కోసం బయటి దేశాలకు పంపి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చారు. పుస్తెలమ్మినంత అవమానంగా జనం భావించారు. కానీ అప్పిచ్చేవాడు చూసేది ఇంకొకటి: ఈ దేశం గడువుకు అప్పు ఎగ్గొట్టదు, అవసరమైతే బంగారమైనా పెడుతుంది. ఆర్థిక మంత్రిగా పార్టీ మనిషిని కాకుండా మన్మోహన్ సింగ్‌ను తెచ్చుకోవడం, పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకుని, 18 రకాల పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్సు తీసేయడం – మైనారిటీ ప్రభుత్వం నడుపుతూ చేసిన పనులివి. వీటిని గురించి ఆయన చెప్పుకున్నది తక్కువ. చెప్పుకుని ఉంటే సగంలోనే ఆగిపోయేవని మా అనుమానం.

పలుకుబడి సంగతికొస్తే 1994 జెనీవా చూడండి. కాశ్మీర్ మీద ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో పాకిస్తాన్ తీర్మానం తెచ్చింది. పి.వి. పంపిన బృందానికి నాయకుడు వాజ్‌పేయి. అంటే లోక్‌సభలో తనను రోజూ ఉతికే ప్రతిపక్ష నేత. విదేశాంగ సహాయ మంత్రి సల్మాన్ ఖుర్షీద్, కాశ్మీర్ నుంచి ఫరూక్ అబ్దుల్లా ఆ బృందంలో ఉన్నారు. ఇంట్లో కొట్టుకునేవాళ్లు బయటికొచ్చి ఒక్క మాట మీద నిలబడితే ఎదుటివాడికి పట్టు దొరకదు. ఇరాన్, చైనాల నుంచి ఒత్తిడి కూడా పనిచేసి మార్చిలో పాకిస్తాన్ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. పేరు ప్రత్యర్థికి పోతుందేమోనని బెంగపడే ప్రధాని ఈ ఏర్పాటు చేయలేడు.

అదే మౌనం దేశాన్ని దెబ్బ తీసిందీ ఉంది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలుతున్నప్పుడు ఢిల్లీ నుంచి చర్య రాకపోవడం ప్రపంచమంతా చూసింది. ఆ మచ్చను జెనీవా తుడవలేదు.

ప్రశ్న: పాత కారు, చిన్న ఇల్లు, నేత చొక్కా. నిరాడంబరత ఒక్కటి చాలదా?
– పాఠకుడు, గుంటూరు

జవాబు: చాలదు. ఉరుగ్వే అధ్యక్షుడు హోసే ముహికా (2010–15) జీతంలో దాదాపు 90 శాతం దానమిచ్చి, 1987 నాటి ఫోక్స్‌వాగన్ బీటిల్ నడిపాడు. కారు ఫొటో లోకమంతా తిరిగింది. కానీ ఉరుగ్వే మాట చెల్లుతుందని రుజువైన చోటు వేరు. అతనికి ముందు అధ్యక్షుడైన తబరే వాస్కెస్, స్వతహాగా క్యాన్సర్ వైద్యుడు, 2006లో బహిరంగ ధూమపానం మీద కట్టడి పెట్టాడు. తర్వాత హెచ్చరిక బొమ్మలను సిగరెట్ పెట్టె మీద 80 శాతానికి పెంచారు. సిగరెట్ల సంస్థ ఫిలిప్ మోరిస్ 2010లో ఉరుగ్వేను అంతర్జాతీయ పంచాయతీకి లాగింది. 2016లో ఉరుగ్వే గెలిచింది. మధ్యలో అధ్యక్షులు మారినా కేసు మారలేదు, వెనక్కి తగ్గలేదు.

మన దగ్గర చెప్పాల్సిన పేరు లాల్ బహదూర్ శాస్త్రి. 1956 సెప్టెంబరులో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు ప్రమాదంలో వంద మందికి పైగా చనిపోతే రైల్వే మంత్రిగా రాజీనామా ఇచ్చాడు. నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాట అరియలూరులో ఇంకో ప్రమాదం. ఈసారి పట్టుబట్టి దిగిపోయాడు. ఇది బాధ్యత, నిరాడంబరత కాదు. రెండింటినీ కలిపేసి పొగడడం మనకు అలవాటు.

ప్రశ్న: కంపాలాలో ఉద్యోగానికి వచ్చి నాలుగేళ్లు. ఊరికి ఫోన్ చేస్తే ఇప్పటికీ ‘ఈదీ అమీన్ దేశం, జాగ్రత్త నాయనా’ అంటారు. చెడ్డ పేరు ఇంతకాలం ఉంటుందా?
– పాఠకుడు, ఉగాండా

జవాబు: మంచి పేరుకన్నా ఎక్కువకాలం ఉంటుంది. 1972 ఆగస్టులో ఉగాండా నియంత అమీన్ ఆసియా వాళ్లకు 90 రోజుల గడువిచ్చి వెళ్లగొట్టాడు. వాళ్ల దుకాణాలు, ఫ్యాక్టరీలు తన మనుషులకు పంచాడు. లుగాజీ, కకీరా చక్కెర మిల్లులు పడకేశాయి. 1975లో ఆఫ్రికా దేశాల శిఖరాగ్ర సభ కంపాలాలోనే జరిగి అమీన్ అధ్యక్షుడైతే, టాంజానియా, జాంబియా, మొజాంబిక్, బోట్స్వానా రామన్నాయి. 1979లో అతను పారిపోయాడు. మచ్చ పోలేదు. ఎందుకంటే వ్యక్తి పోయినా లాక్కున్న ఆస్తి లాక్కున్నవాళ్ల చేతుల్లోనే ఉంది. 1982లో తిరిగిచ్చే చట్టం చేశారు, అమలు 1990ల దాకా సాగింది. ఆస్తి తిరిగొచ్చిన తర్వాతే పెట్టుబడి తిరిగొచ్చింది. మీ ఇంటివాళ్ల భయం తీరాలంటే మీరే సెలవులకు తీసుకెళ్లి చూపించాలి. ప్రభుత్వ ప్రకటనలతో తీరేది కాదు.

ప్రశ్న: గ్రూప్–1 వ్యాసంలో అందరూ గాంధీ, మండేలా రాస్తారు. ఎవరూ రాయని ఉదాహరణ ఒకటి చెప్పండి.
– అభ్యర్థి, హైదరాబాద్

జవాబు: బోట్స్వానా, దాని తొలి అధ్యక్షుడు సెరెత్సె ఖామా. ఈయన బమాంగ్వాటో తెగకు కాబోయే రాజు. లండన్‌లో చదువుతూ 1948లో రూత్ విలియమ్స్ అనే తెల్ల అమ్మాయిని పెళ్లాడాడు. పక్కనున్న దక్షిణాఫ్రికాకు మంట పుట్టింది. దాన్ని నొప్పించలేక బ్రిటన్ ఈయన్ను సొంత గడ్డ మీదికి రానీయలేదు. 1956లో, గద్దె వదులుకుంటానన్న తర్వాతే రానిచ్చింది. పార్టీ పెట్టి 1965లో 31 సీట్లలో 28 గెలిచాడు. 1966 సెప్టెంబరు 30న స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో తారు రోడ్డు 12 కిలోమీటర్లు, పట్టభద్రులు 22 మంది అని లెక్క చెబుతారు.

మీ వ్యాసానికి పనికొచ్చే ఘట్టం 1967. ఆ ఏడాదే ఒరాపాలో వజ్రాలు బయటపడ్డాయి. ఆ నేల ఈయన తెగదే. అదే ఏడాది వచ్చిన చట్టం ఖనిజాల హక్కును తెగల నుంచి తప్పించి దేశానికి కట్టబెట్టింది. తన కులానికి, తన జిల్లాకు అనే లెక్కలు మనకు తెలియనివి కావు కదా, అందుకే దీని బరువు మనకు వెంటనే అర్థమవుతుంది. తర్వాత వజ్రాల సంస్థ డి బీర్స్‌తో బేరం: 15 శాతం వాటాతో మొదలెట్టి 1975కల్లా 50 శాతానికి తెచ్చారు. గనిని స్వాధీనం చేసుకుంటామని గర్జించలేదు, పెట్టుబడి పారిపోలేదు. 1980లో పదవిలో ఉండగానే ఖామా చనిపోతే ఉపాధ్యక్షుడు మసీరె గొడవ లేకుండా వచ్చాడు. 1998లో తనంతట తాను దిగిపోయాడు. అధ్యక్షుడికి పదేళ్ల గరిష్ఠ పరిమితి అంతకు ముందే పెట్టుకున్నారు.

పరీక్షకుడు మెచ్చేది మీరు లోపాలూ రాసినప్పుడు. 1990ల మొదట్లో రాజధాని శివార్ల భూముల కుంభకోణంలో ఉపాధ్యక్షుడే రాజీనామా చేయాల్సి వచ్చింది. దాని వల్ల 1994లో అవినీతి నిరోధక సంస్థ పుట్టింది. అయితే దాన్ని అధ్యక్షుడి కిందే పెట్టారు, అక్కడే బలహీనత. కలహారి నుంచి బసర్వా ఆదివాసులను తరలించడం తప్పని 2006లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఖామా కొడుకు ఇయాన్ కూడా అధ్యక్షుడయ్యాడు, తర్వాత తన వారసుడితో చెడి 2021లో దక్షిణాఫ్రికాకు వెళ్లిపోయాడు. ఇక 2024 అక్టోబరు ఎన్నికల్లో 58 ఏళ్లుగా పాలిస్తున్న ఖామా పార్టీ 61 సీట్లలో నాలుగు తెచ్చుకుంది. లెక్కింపు పూర్తికాక ముందే అధ్యక్షుడు మసీసి ఓటమి ఒప్పుకున్నాడు. వ్యాసం అక్కడ ఆపేయండి.

ప్రశ్న: ప్రపంచం మెచ్చినవాణ్ని సొంత జనం ఎందుకు తిడతారు?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: సోవియట్ యూనియన్ చివరి నాయకుడు గోర్బచేవ్‌కు 1990లో నోబెల్ శాంతి బహుమతి. 1996లో రష్యా అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేస్తే వచ్చిన ఓట్లు అర శాతం. బయటివాళ్లు చూసింది బెర్లిన్ గోడ కూలడాన్ని, ఇంటివాళ్లు చూసింది కొట్లో ఖాళీ అరల్ని. రచ్చ గెలిచి ఇంట ఓడిన మనిషి.

ప్రశ్న: ‘మన జాతీయగీతమే ప్రపంచంలో ఉత్తమం అని యునెస్కో ప్రకటించింది’, ‘మన నాయకుడే నంబర్ వన్’ అంటూ వాట్సాప్‌లో వస్తాయి. ఎలా తేల్చుకోవాలి?
– గృహిణి, తెనాలి

జవాబు: మొదటిది పచ్చి అబద్ధం. యునెస్కో గీతాలకు గానీ ప్రధానులకు గానీ ర్యాంకులు ఇవ్వదు. రెండో రకంలో కొంత నిజం ఉండొచ్చు. అప్పుడు ముందు ‘ఎవరిని అడిగారు?’ అని చూడండి. మార్నింగ్ కన్సల్ట్ లాంటి సర్వేలో ఒక్కో దేశపు జనాన్ని వాళ్ల సొంత నాయకుడి గురించే అడుగుతారు. వచ్చిన శాతాలను వరసలో పేరుస్తారు. అది ఇంట్లో మార్కు, ప్రపంచం ఇచ్చినది కాదు. అదీ ఆన్‌లైన్‌లో అడిగేది, భారత్‌లో చదువుకున్నవాళ్ల వరకే వర్తిస్తుందని వాళ్లే రాసుకుంటారు. తర్వాత తేదీ చూడండి. పాత సర్వేను కొత్తదిగా తిప్పడం మామూలే. ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో ఆ అంకె కనిపించకపోతే ముందుకు పంపకండి.