తెరచాప పడవ నుంచి పగడపు దిబ్బల మీద స్నార్కెలింగ్: ముందు లంగరు, తర్వాతే మాస్కు

కళింగపట్నంలో ఈత అలవాటుంది, తెరచాప పడవలో అండమాన్ వెళ్తున్నాం, పడవ ఆపినచోటే దూకి స్నార్కెలింగ్ (మాస్కు, గాలి గొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ కిందికి చూడడం) చేస్తూ పగడాలు చూడొచ్చా అని అడిగారు. చూడొచ్చు. అయితే మన దగ్గర అడుగంతా ఇసుక, వంశధార మట్టితో నీళ్లు మసక. దిబ్బల దగ్గర పద్ధతి వేరు.

లంగరు ఎప్పుడూ ఇసుక మీదే పడాలి. సూర్యుడు నడినెత్తిన ఉండగా చేరుకోండి, నీటి మీది మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలతో ఒకరు పడవ ముందు నిలబడాలి. లేత నీలం ఇసుక, గోధుమ రంగు మచ్చ పగడం. లోతు 6 మీటర్లు, పోటుకి 2, నీటి నుంచి పడవ ముందు భాగం ఎత్తు 1, మొత్తం 9. దానికి 5 రెట్లు, అంటే 45 మీటర్ల గొలుసు వదలాలి. గాలి మారితే పడవ ఆ గొలుసుతోనే లంగరు చుట్టూ తిరుగుతుంది. ఆ వలయంలో పగడం ఉంటే గొలుసు దాన్ని విరిచేస్తుంది, తనూ చిక్కుకుంటుంది. అందుకే మొదటి ఈత లంగరు ఇసుకలో దిగబడిందో లేదో చూడ్డానికే.

దూకేముందు ఇంజను ఆపండి, నిచ్చెన దించండి. అందరూ దిగిపోయాక నిచ్చెన పైనే ఉండిపోతే ఆ పడవ ఎక్కడం దాదాపు అసాధ్యం. ఒకరు పైనే ఉండాలి. నీటి వడికి కొట్టుకుపోయేవాళ్లు పట్టుకోవడానికి పడవ వెనక 30 మీటర్ల తేలే తాడు, చివర బుడగ కట్టి వదలండి.

నీటి వడి చూడాలంటే కొబ్బరి పీచు ముక్క వెయ్యండి. 10 మీటర్లు 20 సెకన్లలో దాటితే వడి సుమారు ఒక నాట్ (సముద్రంలో వేగం కొలిచే ప్రమాణం). దానికి ఎదురీదుతూ ఎక్కువసేపు ఎవరూ నిలవలేరు, ఆ పూట దిగకండి. వడి తక్కువున్నా ముందు ఎదురు దిక్కుకే వెళ్లండి. అలిసిపోయాక నీరే వెనక్కి తెస్తుంది.

మాస్కుని పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీలిస్తే అతుక్కుపోవాలి. మీసం ఉంటే నీరు కారుతుంది, ముక్కు కింద కాస్త కత్తిరించాలి. కొత్త అద్దం లోపలి జిడ్డు టూత్‌పేస్టుతో రుద్దితే ఆవిరి పట్టడం తగ్గుతుంది. కిందికి మునిగేటప్పుడు నొప్పి రాకముందే, ప్రతి మీటరుకీ ముక్కు మూసి మెల్లగా ముక్కులోకే ఊదండి. జలుబుంటే మునగొద్దు. మునిగే ముందు గబగబా గాలి పీల్చి వదలడం ప్రాణాంతకం. ఊపిరి పీల్చాలన్న కోరిక పుట్టకముందే స్పృహ పోతుంది.

స్కూబా (గాలి సిలిండరుతో లోతుకి దిగడం) శిక్షణ లేకుండా వద్దు. సిలిండరుతో దిగొచ్చాక చేత్తో లంగరు లాగే పని ఇంకొకరికి ఇవ్వండి. అలాంటి శ్రమ రక్తంలో నత్రజని బుడగల ముప్పు పెంచుతుంది. వరసగా దిగితే విమానానికి కనీసం 18 గంటలు ఆగాలి.

పగడాన్ని తాకకండి, ఫిన్లతో (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు) తన్నకండి. చచ్చిన ముక్కైనా తీసుకురావద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాతి పగడాలన్నీ మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మడ చెట్ల మధ్య పారే ఏర్ల దగ్గర మాత్రం నీళ్లలోకే దిగొద్దు, అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి.