బేస్ దగ్గరికి ఉరకకు బిడ్డా, పక్కకు జరుగు

నల్లగొండ

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే టెన్షన్ పడుతున్నావని అర్థమైంది. మహబూబ్‌నగర్‌లో ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌లకు బేస్ అంపైర్‌గా, అంటే బేస్‌ల దగ్గర అవుటా కాదా చెప్పే మనిషిగా, వేశారన్నావు. "రూల్స్ నోటికి వచ్చు సార్, కాళ్లు ఎటు పోవాలో తెలుస్తలేదు" అన్నావు. ఆ మాట నాకు నచ్చింది. చాలామందికి ఆ అనుమానమే రాదు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒకటి చెప్తాను. నేను పీఈటీగా చేరిన కొత్తలో ఒక స్కూల్ టోర్నమెంట్‌లో బేస్ అంపైర్‌గా నిలబడ్డాను. బేస్‌లంటే ఇసుక నింపిన గోనెసంచులు. నేలంతా ఎర్ర దుబ్బ. చివరి ఇన్నింగ్స్‌లో బంతి థర్డ్ బేస్ వైపు దొర్లింది. అక్కడి పిల్ల అందుకుని ఫస్ట్‌కు విసిరింది. దగ్గరగా ఉంటే బాగా కనిపిస్తుందనుకుని నేను సంచి వెనక్కి ఉరికాను. బంతి సరిగ్గా నాకు ఎదురుగా వస్తోంది. ఫస్ట్ బేస్ పిల్ల చెయ్యి చాచి పట్టింది, గ్లవ్‌లో టప్పుమని చప్పుడైంది, నేను పిడికిలి ఎత్తి అవుట్ ఇచ్చాను. కొట్టిన పిల్ల నాతో వాదించలేదు. వంగి, వేలితో దుబ్బ మీద చూపించింది. కొట్టిన పిల్ల చేరకముందే ఫీల్డర్ సంచిని తొక్కి బంతి పట్టాలి కదా, కానీ ఫీల్డర్ మడమ గుర్తు సంచికి నాలుగు వేళ్ల దూరంలో, థర్డ్ బేస్ వైపు, అచ్చు పడి ఉంది. వెనక నుంచి చూసిన నాకు కాలు సంచి మీదే ఉన్నట్టు కనిపించింది. పక్కన నిలబడి ఉంటే ఆ సందు కనిపించేది. ఆ టీమ్ ఒక్క రన్‌తో ఓడిపోయింది. ఆ పిల్ల పోయి వేపచెట్టు కింద ఒక్కతే కూర్చుంది. ఆ మడమ గుర్తు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

అందుకే చెప్తున్నాను, దూరం కంటే కోణం ముఖ్యం. బంతి ఎటు నుంచి వస్తుందో ఆ దారికి అడ్డంగా, మూలమట్టం పెట్టినట్టు, 90 డిగ్రీల్లో నిలబడు. అప్పుడు బంతి, ఫీల్డర్, రన్నర్, బేస్ నాలుగూ ఒకే చూపులో పడతాయి. ఫోర్స్ ప్లే అయితే, అంటే రన్నర్ చేరకముందు ఫీల్డర్ బంతితో బేస్ తొక్కితే చాలు అనే చోట, 15 నుంచి 18 అడుగుల దూరం చాలు, అంతకంటే దగ్గరికి పోతే కాలు చూస్తే గ్లవ్ కనిపించదు, గ్లవ్ చూస్తే కాలు కనిపించదు. ట్యాగ్ ప్లేకు, అంటే రన్నర్ ఒంటికి బంతి తగిలించాల్సిన చోట, మాత్రం 10, 12 అడుగులకు రావాలి. గ్లవ్ ఒంటికి తగిలిందా లేదా అనేది చాలా చిన్న సంగతి, దూరం నుంచి తెలియదు.

బేస్‌ల మీద ఎవరూ లేనప్పుడు ఫస్ట్ బేస్ దాటి ఒక 18, 20 అడుగుల అవతల, ఫౌల్ లైన్‌కు (ఆట హద్దు గీతకు) బయట నిలబడు. బంతి ఇన్‌ఫీల్డ్‌లో, అంటే బేస్‌ల దగ్గరి నేలలో, దొర్లితే లైన్ దాటి లోపలికి వచ్చి, ఫస్ట్–సెకండ్ దారికి వెనకవైపే ఉండి కోణం పట్టు. అదే బంతి ఫస్ట్ బేస్ వైపు, నీ మీదికే వస్తుంటే లోపలికి రాకు, ఫౌల్ వైపే ఉండి చూడు. బంతి అవుట్‌ఫీల్డ్‌కు, అంటే బేస్‌ల అవతలికి, పోయిందంటే డైమండ్ (నాలుగు బేస్‌ల చతురస్రం) లోపలికి ఉరికి, తిరిగి, కొట్టిన అమ్మాయి ఫస్ట్ బేస్ తొక్కిందో లేదో చూసి ఆమెతో పాటు కదులు. మేము నేర్చుకున్న లెక్క ఒక్కటే. బంతి డైమండ్ లోపల ఉంటే అంపైర్ దానికి బయట, బంతి బయటికి పోతే అంపైర్ లోపల.

రన్నర్ ఫస్ట్ మీద ఒక్కతే ఉంటే ఫస్ట్‌కు సెకండ్‌కు మధ్య, సెకండ్ బేస్ ఫీల్డర్ వెనక నిలబడు. సెకండ్ మీదో థర్డ్ మీదో ఎవరైనా ఉంటే షార్ట్ స్టాప్ (సెకండ్‌కు థర్డ్‌కు మధ్య నిలబడే ఫీల్డర్) వెనక్కి వెళ్లు. ఆమె కదలికకు అడ్డం కాకూడదు, ఆమె వీపు నీ చూపుకు అడ్డం కాకూడదు. ఈ మధ్య పిల్లలు ఫోన్లలో బేస్‌బాల్ చూసి డైమండ్ లోపలే నిలబడుతున్నారు. అక్కడ బేస్‌కూ బేస్‌కూ 90 అడుగులు, మనకు 60. బంతి మీదికి వచ్చేస్తుంది, తప్పుకునే టైమ్ ఉండదు. ఇంకొకటి, పిచ్చర్‌ను (బంతి వేసే అమ్మాయిని) వదిలేస్తే, ఏ ఇన్‌ఫీల్డర్‌నూ దాటకముందే ఫెయిర్ బంతి (హద్దు లోపలి బంతి) నీకు తగిలిందంటే ఆట అక్కడే ఆగి కొట్టిన అమ్మాయికి ఫస్ట్ బేస్ దొరుకుతుంది. నీ కాళ్ల వల్ల మ్యాచ్ మారిపోతుందన్నమాట.

ఫీల్డర్ వెనక నిలబడటంలో ఇంకో లాభం ఉంది. బంతి పిచ్చర్ చెయ్యి వదిలేదాకా రన్నర్ కాలు బేస్ మీదే ఉండాలి కదా. పిచ్చర్ చెయ్యి, రన్నర్ కాలు రెండూ ఒకే చూపులో పడేలా జరిగి నిలబడు. రన్నర్ ముందే బేస్ వదిలితే ఆమె అవుట్, ఆ పిచ్ (వేసిన బంతి) లెక్కలోకి రాదు. కోచ్‌లు ఎక్కువ గొడవ పెట్టేది ఇక్కడే. కళ్లారా చూస్తేనే ఇవ్వు, అనుమానంతో ఇవ్వకు.

షార్ట్ స్టాప్ వెనక ఉన్నప్పుడు ఫస్ట్ బేస్‌లో కాల్ వస్తే మనసు అటు ఉరకమంటుంది. ఉరకకు. అంత దూరం నువ్వు ఎట్లాగూ చేరలేవు, ఉరుకుతూ చూస్తే కళ్లు ఎగురుతాయి. ఫీల్డర్‌కు అడ్డం రాకుండా రెండు మూడు అడుగులు వేసి, కోణం దొరకగానే ఆగిపో. మోకాళ్ల మీద చేతులు పెట్టి, ఊపిరి బిగబట్టి చూడు. దూరమైనా ఆగి చూసిన కాల్ నిలబడుతుంది. బంతి ఫీల్డర్ చెయ్యి దాటాక కన్ను బేస్ మీద, చెవి గ్లవ్ మీద పెట్టమని పుస్తకాల్లో ఉంటుంది. కానీ మన స్కూల్ మ్యాచ్‌ల్లో పిల్లల అరుపులకు గ్లవ్ చప్పుడు వినపడదు. కాబట్టి రన్నర్ కాలు పడగానే కన్ను గ్లవ్‌కు ఎత్తు, బంతి జారిందేమో చూసుకున్నాకే చెయ్యి లేపు. ఒక్క క్షణం ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనరు.

మ్యాచ్‌కు ముందు, కొట్టేవాళ్ల వెనక నిలబడే ప్లేట్ అంపైర్‌తో రెండు నిమిషాలు మాట్లాడు. హిట్ పడి ఫస్ట్ మీది రన్నర్ థర్డ్‌కు పోతే ఆ కాల్ ఆయనది, కొట్టిన అమ్మాయి నీది. ఇది ముందే అనుకోకపోతే ఇద్దరూ ఒకే చోటికి చూస్తారు, ఇంకో బేస్‌ను చూసేవాళ్లు ఉండరు. ఫస్ట్‌లో రెండు రంగుల బేస్ వేస్తే నారింజ వైపు రన్నర్‌ది, తెల్ల వైపు ఫీల్డర్‌ది అని పిల్లలకు కూడా గుర్తు చెయ్యి.

సాయంత్రం మ్యాచ్ ఉంటే ముందే డైమండ్ చుట్టూ నడిచి, ఏ చోట నిలబడితే ఎండ కళ్లలో కొడుతుందో చూసుకో. టోపీ తప్పకుండా పెట్టుకో.

ఆదివారం పొద్దున ఆరింటికి ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు రా. ఆ టైమ్‌లో వాకింగ్ వాళ్లు తప్ప ఎవరూ ఉండరు. టేపు నేను తెస్తాను, నువ్వు నాలుగు ఇటుకలు పట్టుకురా. 60 అడుగులకు ఒకటి పెట్టి, 15 అడుగులంటే నీ అడుగుల్లో ఎన్నో లెక్క కట్టుకుందాం. నేను బంతి దొర్లిస్తుంటాను, నువ్వు కోణం పట్టి నిలబడి చూపించు.

మీ సార్