కైజర్ రెండో విల్హెల్మ్ గద్దె దిగింది నవంబర్ 9నా, 28నా?

జర్మనీ కైజర్ (చక్రవర్తి) రెండో విల్హెల్మ్ సింహాసనం వదులుకున్న తేదీ ఒక పుస్తకంలో 1918 నవంబర్ 9 అని, ఇంకో పుస్తకంలో నవంబర్ 28 అని ఉంది, ఏది సరైనదని అడిగారు. అప్పటికే దేశం విడిచి వెళ్లిపోయిన మనిషి చేత సంతకం ఎందుకు పెట్టించుకున్నారన్నది మీ రెండో ప్రశ్న.

రెండు తేదీలూ సరైనవే. 9న ప్రకటన వచ్చింది, 28న సంతకం పడింది. చిక్కల్లా ఏంటంటే, ఆ ప్రకటన చేసింది కైజర్ కాదు.

నవంబర్ 9న విల్హెల్మ్ బెల్జియంలోని స్పాలో, సైన్యం ప్రధాన స్థావరంలో ఉన్నాడు. ఉత్తర జర్మనీ రేవు కీల్‌లో నావికులు మొదలుపెట్టిన తిరుగుబాటు కొద్ది రోజుల్లోనే బెర్లిన్ దాకా పాకింది. ఛాన్స్‌లర్ (ప్రధాని లాంటి పదవి) ప్రిన్స్ మాక్స్ బెర్లిన్ నుంచి ఎంత తొందరపెట్టినా స్పా నుంచి తేల్చి చెప్పే జవాబు రాలేదు. విల్హెల్మ్ లెక్క వేరు మరి. చక్రవర్తి పదవి వదిలేస్తాను గానీ, జర్మనీలోని అతి పెద్ద రాజ్యమైన ప్రష్యాకు రాజుగా కొనసాగుతానంటాడు. అది కుదిరే పని కాదు. 1871 రాజ్యాంగం ప్రకారం ప్రష్యాకు ఎవరు రాజైతే ఆయనే జర్మన్ చక్రవర్తి. ఒకటి ఉంచుకుని ఇంకొకటి వదలడానికి దారే లేదు. ఇక ఆగలేక, కైజర్ తప్పుకుంటున్నాడని మధ్యాహ్నానికల్లా మాక్స్ తానే ప్రకటించేశాడు. మనం లీవులో ఉండగా మేనేజర్ మన రాజీనామా గురించి ఆఫీసంతటికీ మెయిల్ కొట్టినట్టన్నమాట. కాసేపటికే సోషల్ డెమోక్రాట్ నాయకుడు షైడెమాన్ రైష్‌టాగ్ (పార్లమెంటు) భవనం నుంచి జనానికి రిపబ్లిక్ వచ్చిందని చెప్పేశాడు.

విల్హెల్మ్ ఇది ద్రోహమని మండిపడ్డాడు. కానీ సైన్యం మీ వెనక లేదని జనరల్ గ్రోనర్ మొహం మీదే చెప్పాక చేయగలిగిందేమీ లేదు. మర్నాడు తెల్లవారుజామున బయల్దేరి ఐస్డెన్ దగ్గర డచ్ సరిహద్దు దాటాడు.

నేను ఉద్యోగం మీద నెదర్లాండ్స్‌లో ఉన్న రోజుల్లో ఆమెరోంగెన్ కోట చూడ్డానికి వెళ్లాను. ఆయన సంతకం పెట్టింది అక్కడే. కోట అంటారు గానీ, చుట్టూ నీళ్ల కందకమున్న పెద్ద ఇటుక భవంతి అది. 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ సైన్యం తగలబెట్టాక తిరిగి కట్టారు. కైజర్‌కు మూడు రోజులు ఆశ్రయమివ్వమని డచ్ ప్రభుత్వం ఇంటి యజమాని కౌంట్ బెంటింక్‌ను అడిగిందట. నవంబర్ 11న దిగిన అతిథి 1920 మే దాకా కదల్లేదు! రాగానే ఆయన అడిగింది మంచి ఇంగ్లిష్ టీ అని చెబుతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో నాలుగేళ్లు ఎవరి మీద యుద్ధం చేశాడో వాళ్ల టీ. అమ్మమ్మ విక్టోరియా రాణి కదా, ఆ అలవాటు పోయి ఉండదు.

ఆ ఇల్లు చూశాకే నేను ఆ పత్రం పూర్తి పాఠం వెతికి చదివాను. తేదీ గొడవ కంటే అందులో ఉన్న విషయమే ఆసక్తిగా అనిపించింది. నాలుగు వాక్యాలకు మించి లేదు. ప్రష్యా సింహాసనం మీద, దానితో ముడిపడిన జర్మన్ చక్రవర్తి పదవి మీద హక్కులన్నీ శాశ్వతంగా వదులుకుంటున్నానని మొదట చెప్పాడు. వరస గమనించండి, ముందు ప్రష్యా. స్పాలో వేసిన ఎత్తుకు మళ్లీ తావు లేకుండా పోయింది.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఆ తర్వాతి వాక్యంలో ఉంది. అధికారులు, సైన్యంలో ఆఫీసర్ల నుంచి మామూలు సిపాయిల దాకా, తనకు చేసిన విధేయతా ప్రమాణం నుంచి అందర్నీ విడుదల చేస్తున్నానన్నాడు. కొత్త ప్రభుత్వానికి కావాల్సింది ఇదే. అప్పట్లో వాళ్లు ప్రమాణం చేసేది దేశానికి కాదు, రాజుకి. రాజు బతికే ఉన్నాడు, మమ్మల్ని వదల్లేదు అని ఎవరైనా ఆఫీసర్ మొండికేస్తే జవాబు చెప్పడం కష్టం. పైగా ఎబర్ట్ నాయకత్వంలోని ఆ కొత్త ప్రభుత్వం నడుస్తున్నదే ఆ పాత ఆఫీసర్లు, పాత ఉద్యోగులతో. మాక్స్ ప్రకటనతో ఆ ముడి విడిపోదు. ప్రమాణం ఎవరికి చేశారో ఆయనే విప్పాలి. అందుకే ఆయన ఎక్కడున్నా సరే, సంతకం కావాల్సి వచ్చింది.

చివర్లో, ప్రస్తుతం అధికారం ఎవరి చేతిలో ఉందో వాళ్లకు సాయపడి అరాచకం నుంచి, కరువు నుంచి, పరాయి పాలన నుంచి జనాన్ని కాపాడమన్నాడు. రిపబ్లిక్ అనే మాట ఎత్తకుండా జాగ్రత్తపడ్డాడు. ఇంకో తమాషా, చక్రవర్తి పదవి వదులుకునే ఆ కాగితం మీద వేసింది చక్రవర్తి ముద్రే.

మనసులో మాత్రం ఆయన వదులుకున్నట్టు లేదు. తర్వాత దగ్గర్లోనే డోర్న్‌లో ఇల్లు కొనుక్కుని, 1941 జూన్ 4న చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. మళ్లీ పిలుపు వస్తుందేమోనని ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. 1930ల మొదట్లో నాజీ నాయకుడు గోరింగ్ అక్కడికి వచ్చి వెళ్లినప్పుడు ఆ ఆశ ఇంకాస్త పెరిగింది గానీ, ఫలితం సున్నా.

నవంబర్ 28 పత్రం కొడుక్కి వర్తించదు. యువరాజు విల్హెల్మ్ చేత నెదర్లాండ్స్‌లోనే వీరింగెన్ దీవిలో డిసెంబర్ 1న విడిగా సంతకం పెట్టించుకున్నారు. పరీక్షలో ప్రకటన ఎప్పుడని అడిగితే 9 రాయండి, పత్రం అనో సంతకం అనో కనిపిస్తే 28. ఏదీ చెప్పకుండా ఉత్తినే తేదీ అడిగి, ఆప్షన్లలో రెండూ ఇస్తే నేనైతే 9 పెడతాను, పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది అదే.