నోటుకు మూడేళ్లు నిండకముందే వెనక ఓ సంతకం

ప్రశ్న: 2023 ఆగస్టు 14న మా బావమరిదికి రొయ్యల చెరువు లీజు కోసం 4 లక్షలు ఇచ్చాను. బ్యాంకు ఖాతా నుంచే పంపాను. వందకు రూపాయిన్నర వడ్డీ. ప్రో నోటు మీద అతనూ, చెరువులో అతని భాగస్వామీ ఇద్దరూ సంతకాలు చేశారు. 2024 అక్టోబరు దాకా నెలకు 6 వేలు ఫోన్‌పేలో పంపాడు. తర్వాత ఆగిపోయింది. అడిగితే ‘‘నేను కాదన్నానా బావా, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) కాగానే ఇస్తా’’ అని వాట్సాప్‌లో పెడతాడు. మూడేళ్లు దాటితే నోటు చెల్లదని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు. మళ్లీ సంతకం అడిగితే మా ఆవిడ నొచ్చుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. వచ్చే ఏడాది అమ్మాయి బీటెక్ ఫీజుకు ఈ డబ్బే అనుకున్నాం. ఏం చేయమంటారు?
– భీమవరం నుంచి ఒక పాఠకుడు, జూన్ 2026

జవాబు: మీ ఆఫీసులో ఆయన చెప్పింది నిజమే. అడిగినప్పుడు ఇస్తానని రాసే మామూలు ప్రో నోటుకు, రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. మీకు 2026 ఆగస్టు 14 ఆఖరు రోజు. అది దాటాక దావా వేస్తే, అవతలివాళ్లు గడువు మాట ఎత్తకపోయినా కోర్టే కొట్టేస్తుంది. నోటుకు కాలదోషం పట్టడమంటే ఇదే. బాకీ బాకీగానే ఉంటుంది, వసూలుకు కోర్టు దారి మాత్రం మూసుకుపోతుంది.

దీనికి మందు 1963 నాటి లిమిటేషన్ చట్టంలోనే, 18వ సెక్షన్‌లో ఉంది. గడువు లోపల బాకీదారు ‘ఈ బాకీ ఉన్న మాట నిజమే’ అని రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం పెడితే, సంతకం పెట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. ఫలానా తేదీకి తీరుస్తానని మాట ఇవ్వక్కర్లేదు. ‘బాకీ ఉంది, కానీ ఇప్పుడు ఇవ్వలేను’ అని రాసినా సరిపోతుంది. చివరికి ‘ఇవ్వను’ అని రాసినా, బాకీ ఉందని అందులో ఒప్పుకుంటే చాలు. మీ బావమరిదికి ఈ సంగతి ముందే చెప్పండి. చాలామంది సంతకానికి వెనకాడేది, అది పెట్టగానే డబ్బు కట్టమంటారేమోనన్న భయంతోనే.

వాట్సాప్ మెసేజీలు దాచుకోండి, రేపు సాక్ష్యంగా పనికొస్తాయి. కానీ చట్టం అడిగేది సంతకం. ఫోన్‌లోని మెసేజీ సంతకంతో సమానమా కాదా అని కోర్టులో వాదించుకునే పరిస్థితి తెచ్చుకోవడం దేనికి? మనిషి పిలిస్తే పలికే దూరంలోనే ఉన్నాడుగా.

ఫోన్‌పేలో వడ్డీ వచ్చింది కాబట్టి గడువు దానంతట అదే పెరిగిందని కొందరు అనుకుంటారు. 19వ సెక్షన్ ప్రకారం గడువు లోపల వడ్డీ కట్టినా, అసలులో కొంత కట్టినా కొత్త గడువు వస్తుంది, నిజమే. అయితే ఆ చెల్లింపు గురించి కట్టినవాడి చేతిరాతతోనో, కట్టినవాడి సంతకంతోనో ఒక రాత ఉండాలి. మన ఊళ్లలో తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే. నోటు వెనక ‘6,000 ముట్టింది’ అని అప్పిచ్చినవాడే రాసుకుని, కింద తనే సంతకం చేసుకుంటాడు. అది బాకీదారుకు రసీదులా పనికొస్తుందేమో గానీ, గడువు పెంచడానికి పైసా పనికిరాదు. చెల్లు (డబ్బు కట్టినట్టు నోటు వెనక రాసే రాత) కింద ఉండాల్సింది అప్పు తీసుకున్నవాడి సంతకం.

అందుకని ఈ నెలలోనే అతను కొంత డబ్బు, వెయ్యి రూపాయలైనా సరే, మీ ఖాతాలో వేసేలా చూడండి. అదే రోజు నోటు వెనక అతని చేత్తోనే ఇలా రాయించండి: ‘‘ది.14-08-2023న నేను మీకు రాసి ఇచ్చిన రూ.4,00,000 ప్రామిసరీ నోటు బాపతు వడ్డీ కింద ఈ రోజు రూ.1,000 చెల్లించాను. అసలు రూ.4,00,000, చెల్లించగా మిగిలిన వడ్డీ నేను మీకు బాకీ ఉన్నాను.’’ కింద తేదీ, సంతకం. తేదీ మరిచిపోవద్దు. విడి కాగితం కన్నా నోటు వెనకే నయం. విడిగా రాయిస్తే దానికి స్టాంపు ఎంత అన్న తలనొప్పి అదనం.

నోటు తిరగరాయించుకోమని కూడా మీకు ఎవరో ఒకరు చెప్తారు. అదీ చట్టబద్ధమే, కానీ మీ విషయంలో నాకు ఇష్టం లేదు. నవంబరు 2024 నుంచి ఈ జూన్ దాకా 20 నెలల వడ్డీ 1,20,000. కొత్త నోటులో అది అసలులో కలిసి 5,20,000 అవుతుంది, ఇకపై వడ్డీకి వడ్డీ. ఆ అంకె చూడగానే అతను బిగుసుకుపోతాడు. ఇప్పుడు మనకు కావాల్సింది గడువు, గొడవ కాదు.

ఇక ఆ భాగస్వామి. ఒకరు పెట్టిన సంతకం, అంత మాత్రాన రెండోవారిని కట్టిపడేయదు. చట్టంలో 20వ సెక్షన్ చెప్పేది అదే. బావమరిది ఒక్కడే రాసిస్తే ఆగస్టు 14 తర్వాత మీ నోటు అతని ఒక్కడి మీదే నిలుస్తుంది. కాబట్టి ఇద్దరి చేతా పెట్టించండి.

మీ ఆవిడతో ఎలా చెప్పాలంటారా? ఉన్నదున్నట్టు చెప్పండి. సంతకం లేకపోతే మీకు రెండే దారులు: ఆగస్టు 14లోపు తన తమ్ముడి మీద దావా వేయడం, లేదా 4 లక్షల మీద హక్కు వదులుకోవడం. సంతకం పెడితే అతనికీ మూడేళ్ల ఊపిరి దొరుకుతుంది. బ్యాంకులు కూడా అప్పు తీసుకున్నవాళ్ల చేత మూడేళ్లు నిండకముందే బాకీ ధ్రువీకరణ కాగితాల మీద సంతకాలు చేయించుకుంటాయి. అక్కడ ఎవరూ నొచ్చుకోరు.

జులై నెలాఖరుకీ సంతకం కాకపోతే లాయర్‌ను కలవండి. లాయర్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు, దావా ఆగస్టు 14లోపు పడాల్సిందే. దావా వేశాక లోక్ అదాలత్‌లో రాజీ పడొచ్చు, అప్పుడు కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. ఒకవేళ గడువు దాటిపోతే వట్టి ఒప్పుకోలు చాలదు. ‘ఈ పాత బాకీ తీరుస్తాను’ అని స్పష్టంగా మాట ఇస్తూ రాసి సంతకం చేయాలి, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది చెల్లుతుంది. (బాకీ ఉన్న పాఠకులకూ ఒక మాట. ఏళ్ల నాటి క్రెడిట్ కార్డు బాకీ అంటూ ఎవరైనా కాగితం తెస్తే, చదవకుండా సంతకం పెట్టకండి. కాలదోషం పట్టిన అప్పు అలాగే మళ్లీ ప్రాణం పోసుకుంటుంది.)

అతను అసలు తీర్చే రోజున 20 వేలు, ఆపైన ఏదీ నగదుగా వద్దు. ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, కట్టిన మొత్తమంతా పెనాల్టీగా అతని మీదే పడొచ్చు. మీకు వచ్చిన వడ్డీని మీ రిటర్నులో చూపించాలి.

ఫీజు సంగతికొస్తే, ఈ 4 లక్షలను లెక్కలోంచి తీసేయండి. ఎన్ని సంతకాలున్నా రొయ్య రేటు మీ చేతిలో లేదు. ఈ నెల నుంచే నెలకు 10 వేలు బ్యాంకు రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ)లో వేస్తే వచ్చే జూన్‌కు 1,20,000, పైన వడ్డీ. మొదటి ఏడాది ఫీజులో పెద్ద భాగం అందులోనే వస్తుంది. తగ్గినదానికి విద్యా రుణం గురించి మీ బ్యాంకులో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

అన్నట్టు, సంతకాలయ్యాక నోటు పాడవుతుందని లామినేషన్ చేయించకండి. రేపు ఇంకో చెల్లు రాయించాలంటే పెన్ను పడదు. ముందూ వెనకా ఫొటో తీసి, అసలు కాగితాన్ని ఇంటి పత్రాలతో కలిపి పెట్టండి.