బెదురు లేని పరీక్ష

ప్రశ్న: రక్తం తీసేటప్పుడు పరిశోధనశాలలోని జంతువులు బెదిరిపోతాయి కదా, ఆ బెదురు ఫలితాలను మార్చదా?

జవాబు: తప్పకుండా మారుస్తుంది. జంతువును పట్టుకున్న సుమారు 3 నిమిషాలకు దాని రక్తంలో ఒత్తిడి హార్మోను పెరగడం మొదలవుతుంది కనుక, ఆలస్యంగా తీసిన నమూనా దాని సహజస్థితిని కాక మనం కలిగించిన భయాన్నే చూపుతుంది. విసర్జించిన పెంటికలలో ఆ హార్మోను అవశేషాలను కొలిస్తే, జంతువును తాకకుండానే కొన్ని గంటల కిందటి స్థితి తెలుస్తుంది. అయితే క్షణక్షణం మారే గుండె వేగాన్ని ఇది చెప్పలేదు. నా దృష్టిలో ముందుగా మారవలసింది పట్టుకునే తీరే: తోక పట్టి ఎత్తిన చిట్టెలుకల కన్నా, గొట్టంలోకి నడిపించి ఎత్తినవి తక్కువ ఆందోళన చూపుతాయని 2010లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. గొట్టం ఖర్చు స్వల్పం, అలవాటు మార్చుకోవడమే కష్టం.