థార్ మోడిఫికేషన్‌కు 4 లక్షల లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం, నెలకు 72 వేలు చేతికొస్తాయి. పోయినేడాది 2015 మోడల్ మహీంద్రా థార్ సీఆర్‌డీఈ (డీజిల్ జీపు) సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఈఎంఐ 11,400, ఇంకా 22 నెలలుంది. అద్దె 14 వేలు, ఇంటి ఖర్చు 28 వేలు. సేవింగ్స్‌లో 60 వేలున్నాయి. పాపకు మూడేళ్లు. బండిని ఆఫ్ రోడ్‌కు, అంటే రోడ్డు లేని చోట నడపడానికి, ఇంటి దగ్గరే సొంతంగా తయారుచేసుకోవాలని ఉంది. టైర్లు 90 వేలు, విన్చ్ (ఇరుక్కున్న బండిని లాగే మోటారు తాడు) 60, లిఫ్ట్ (బండి ఎత్తు పెంచే కిట్) 50, స్టీల్ బంపర్లు 60, స్నార్కెల్ (ఇంజిన్‌కు పైనుంచి గాలి తెచ్చే గొట్టం), లైట్లు 40, వెల్డింగ్ మిషన్, పనిముట్లు 50, పై ఖర్చులు 50. మొత్తం 4 లక్షలు. 14 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. అది తీసుకోమంటారా, మా ఆవిడ బంగారం కుదువ పెట్టమంటారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రెండూ వద్దండి. అలాగని బండి పని మానుకోమని నేను చెప్పను. సొంత చేతులతో బండి విప్పి బిగించుకోవాలన్న కోరిక మంచిదే. అది అప్పు మీద మాత్రం మొదలుకాకూడదు.

ముందు లోన్ సంగతి. 4 లక్షలకు నెలకు సుమారు 13,670 కట్టాలి. మూడేళ్లలో వడ్డీయే 92 వేలు. ఇప్పుడు ఖర్చులన్నీ పోను మీకు మిగిలేది 18,600. ఈ లోన్ తీసుకుంటే మిగిలేది 4,900. పాపకు జ్వరమొచ్చి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంటే ఆ నెల అప్పు చేయక తప్పదు. బంగారమైతే వడ్డీ కాస్త తగ్గొచ్చు. కానీ కట్టలేకపోతే వేలానికి వెళ్లేది మీ శ్రీమతిగారి నగలు. సరదా కోసం ఆమె నగలను ఆ ప్రమాదంలో పెట్టకండి.

ఇక మీ లెక్కలో లేని ఖర్చు ఒకటుంది. బండిలో ఒక మార్పు చేస్తే అది ఇంకో మార్పును అడుగుతుంది. టైర్లనే తీసుకోండి. మీ థార్‌కు కంపెనీ ఇచ్చింది 235/70 ఆర్16, ఎత్తు దాదాపు 735 మిల్లీమీటర్లు. ఆఫ్ రోడ్ కుర్రాళ్లు ఎక్కువగా ఇష్టపడే 265/75 ఆర్16 వేస్తే 804 అవుతుంది, అంటే 9 శాతం ఎక్కువ. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే మీరు 65 మీద వెళ్తుంటారు. లాగే శక్తి తగ్గి క్లచ్ తొందరగా అరుగుతుంది. బ్రేకు మీద, స్టీరింగ్ జాయింట్ల మీద భారం పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. ఇంతా చేస్తే వెనక యాక్సిల్ హౌసింగ్ కింద పెరిగే జాగా 34 మిల్లీమీటర్లే. లిఫ్ట్ కూడా అంతే. మీ బండికి వెనక కమాన్ పట్టీలు, ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు). బార్లు బిగించి ముందు భాగాన్ని లేపేస్తే యాక్సిల్ జాయింట్లు వంపులో తిరిగి త్వరగా పోతాయి. ఈ రిపేర్లు మీరు రాసిన 50 వేల పై ఖర్చులకు లొంగవు.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. బండి ముందు బిగించే ఇనుప బుల్ బార్‌ల మీద చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. పైగా బండి ఇప్పుడు బ్యాంకుకు తాకట్టులో ఉంది. వాళ్ల రాతపూర్వక అంగీకారం లేకుండా మార్పులు చేయకూడదు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున బయటపడుతుంది. అప్పుడు రిపేరు బిల్లంతా మీ మీద పడొచ్చు. రేసులు, పోటీల్లో జరిగిన నష్టం మామూలు పాలసీలోకి రాదు. స్టీల్ బంపర్ల 60 వేలు మీ జాబితాలోంచి పూర్తిగా కొట్టేయండి.

స్నార్కెల్ ఆలోచన 2024 సెప్టెంబరు బుడమేరు వరదలు చూశాక వచ్చి ఉంటుంది. విజయవాడ సింగ్ నగర్‌లో మునిగిన బండ్లు చూసినవాళ్లకు ఆ భయం సహజం. కానీ స్నార్కెల్ ఇంజిన్ పీల్చే గాలిని పైకి తెస్తుంది, అంతే. హౌసింగ్‌లోకి, వైరింగ్‌లోకి నీళ్లు వెళ్లకుండా ఆపదు. స్నార్కెల్ కన్నా ముందుగా, యాక్సిల్ హౌసింగ్, గేర్‌బాక్స్‌లకు గాలి ఆడే బ్రీదర్ పైపులను రబ్బరు గొట్టంతో బానెట్ ఎత్తుకు తీసుకెళ్లండి. కొన్ని వందల రూపాయల్లో, ఆదివారం పూట ఇంటి ముందే అయిపోయే పని. పాలసీ రెన్యువల్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఇస్తారేమో అడగండి. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేసినందుకు ఇంజిన్ పోతే మామూలు పాలసీ ఆ ఖర్చు ఇవ్వదు.

ఇప్పుడు మిగులుతున్న 18,600ను ఇలా వాడండి. 12 వేలు అత్యవసర నిధికి. మీ మూడు నెలల ఖర్చు లక్షా 60 వేలు, ఉన్నది 60 వేలు. లోటు తొమ్మిది నెలల్లో తీరుతుంది. 2,600 టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ప్రీమియానికి. ఉత్తరంలో దాని ఊసే లేదు. చంటిబిడ్డ తండ్రికి విన్చ్ కన్నా అదే ముందు కావాలి. మిగతా 4 వేలు వేరే ఖాతాలో బండి కోసం. తొమ్మిది నెలల తర్వాత ఆ 12 వేలలో 4 వేలు బండి ఖాతాకు కలపండి, 8 వేలు పాప పేరున వేయండి. బండి లోన్ తీరే నాటికి బండి ఖాతాలో మీరు వేసిందే లక్షా 40 వేలవుతుంది, పైసా అప్పు లేకుండా. అప్పుడు బ్యాంకు ఎన్‌ఓసీ తీసుకుని ఆర్సీలో తాకట్టు కొట్టేయించండి.

ఆ డబ్బులో మొదటి ఖర్చు ఉన్న బండిని బాగు చేయడానికే. బుష్‌లు, వీల్ బేరింగులు, బ్రేకులు, కూలెంట్ హోస్‌లు, ట్రాన్స్‌ఫర్ కేసు (నాలుగు చక్రాలకూ శక్తి పంచే పెట్టె) ఆయిల్. పదేళ్ల బండి ఇసుకలో ఆగిపోయేది ఎక్కువగా వీటివల్లే. తర్వాత చిన్న కంప్రెసర్, గాలి గేజు, రికవరీ స్ట్రాప్, షాకిల్స్, పార. కృష్ణా నది ఇసుకలో దిగేటప్పుడు టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించి, తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపితే ఇప్పుడున్న టైర్లతోనే ఎంత దూరం వెళ్లగలరో మీకే తెలుస్తుంది. ఇవేవీ ఆర్సీని ముట్టుకోవు. నల్లమల వైపు టైగర్ రిజర్వులోకి మాత్రం అనుమతి లేకుండా బండి దించకండి, అది నేరం.

వెల్డింగ్ మిషన్ ఇప్పుడే కొనకండి. బోల్టులతో బిగించే స్కిడ్ ప్లేటు (బండి అడుగుకు రక్షణ రేకు), వెనక సామాను పెట్టె లాంటివి డ్రిల్లు, స్పానర్ సెట్టుతో అయిపోతాయి. చాసిస్‌కు, రికవరీ హుక్కులకు ఇంట్లో వెల్డింగ్ వద్దే వద్దు. లాగుతున్నప్పుడు ఆ అతుకు ఊడితే హుక్కు వచ్చి మనిషికి తగులుతుంది. అలాంటి పనులకు విజయవాడ ఆటోనగర్‌కో, గుంటూరు ఆటోనగర్‌కో తీసుకెళ్లి పక్కన నిలబడి చూడండి, నేర్చుకోండి. అక్కడైనా వెల్డింగుకు ముందు బ్యాటరీ టెర్మినల్ తీయించండి, లేకపోతే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పోవచ్చు. ఇంట్లో పనిచేసేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు దూరకండి, స్టాండ్లు కొనుక్కోండి. విప్పిన ఒరిజినల్ పార్టులన్నీ గోనెసంచిలో కట్టి దాచండి. అమ్మే రోజున కొనేవాళ్లు వాటినే అడుగుతారు.

విన్చ్ కొనాలనిపిస్తే బండి లోన్ తీరాక చూద్దాం. అప్పటికి రెండు ముక్కలు రాయండి: టర్మ్ పాలసీ తీసుకున్నారా, అత్యవసర నిధి ఎంతయింది. ఆ రెండూ చూసి విన్చ్‌కు ఎంత పెట్టవచ్చో చెప్తాను.